60 శాతం అంటే 60 డిగ్రీలా? బరువు మీదున్న మిలటరీ ట్రక్కు అసలు ఎంత నిటారు ఎక్కుతుంది?

గాటాలూప్స్_గిరి అడిగారు:

పోయిన నెల మనాలి నుంచి లేహ్‌కి బండ్ల మీద వెళ్లొచ్చాం, నలుగురం. దారి పొడవునా ఆర్మీ కాన్వాయ్‌లే. ఒకసారి వాటి వెనక ఇరుక్కుంటే ఇక అంతే, ముప్పై ట్రక్కులు వరసగా నత్తల్లా ఎక్కుతుంటాయి, ఒక పక్క లోయ, ఎదురుగా పొగ, హారన్ కొట్టి లాభం లేదు. గాటా లూప్స్‌లో 21 మలుపులూ ఒకే ట్రక్కు వెనక తలుపు చూస్తూ ఎక్కాను, దాని నంబరు ఇప్పటికీ నోటికొచ్చు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుంటే మా మామయ్య అందుకున్నాడు. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. పేరులోనే ఉంది కదా, సైన్యంలో చేసినవాళ్లు ఇంటింటికీ ఉండే ఊరు. ఆయన మాత్రం చేయలేదు, బహుశా అందుకే మిలటరీ గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడతాడు. "మీరు చూసింది ఏముందిరా, ఆ ట్రక్కు తలుచుకుంటే 60 డిగ్రీల కొండ ఎక్కేస్తుంది" అన్నాడు. ఎక్కడో వివరాల కాగితంలో 60 అని ఉండగా తను కళ్లారా చూశాడట. 60 డిగ్రీలంటే గోడకి వాల్చిన నిచ్చెన కదా మామయ్యా అంటే, "ఇంజినీరింగ్ చదివి ఏం లాభం" అని ఇంకో మాట.

ఇంతకీ నిజం ఏంటి? నిండా సరుకు వేసుకున్న ట్రక్కు ఎంత వాలు ఎక్కగలదు? అంత ఎక్కగలిగేదే అయితే లద్దాఖ్ రోడ్డు మీద ఎందుకలా ఈడ్చుకుంటూ పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, ఆదివారం భోజనానికి మామయ్య మళ్లీ వస్తున్నాడు.

బేరింగ్_బాబు:

మామయ్య చూసిన 60 నిజమే, పక్కనున్న గుర్తు దగ్గరే పొరపాటు పడ్డాడు. అది డిగ్రీ గుర్తు కాదు, శాతం గుర్తు.

వాలుని శాతంలో చెప్తే, అడ్డంగా 100 మీటర్లు జరిగేసరికి ఎన్ని మీటర్లు పైకి లేచామన్న లెక్క. అంచేత 100 శాతం అంటే నిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. 60 శాతం అంటే 31 డిగ్రీలకు ఒక వెంట్రుకవాసి తక్కువ. మామయ్య చెప్పిన 60 డిగ్రీలను శాతంలోకి మారిస్తే 173 వస్తుంది, అది ఎక్కే చక్రాల బండి నాకు తెలిసి లేదు.

31 డిగ్రీలేనా అని తీసిపారేయకండి. ఇంట్లో మెట్ల దగ్గరికి టేపు పట్టుకెళ్లండి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలు ఉంటే అది సరిగ్గా 60 శాతం. అంటే డాబా మెట్ల మీద ఒక పెద్ద పలక పరిచి, దాని మీదుగా నిండు లారీని పైకి పంపడం అన్నమాట. న్యూజిలాండ్‌లో డునెడిన్ ఊళ్లో బాల్డ్విన్ స్ట్రీట్ అని ఉంది, ప్రపంచంలోకెల్లా నిటారైన వీధిగా గిన్నిస్ వాళ్లు రాసుకున్నది, అదే 34.8 శాతం. తిరుమల ఘాట్ తీసుకుంటే తిరుపతి నుంచి పైకి 700 మీటర్ల ఎత్తు, రోడ్డు పదహారు నుంచి పంతొమ్మిది కిలోమీటర్లు, ఏ దారిన చూసినా సగటు 4 శాతం దగ్గర తేలుతుంది. దానికే బస్సు ఎలా మూలుగుతుందో చూశారుగా.

ఇంకో తమాషా ఏంటంటే ఏ దేశం ట్రక్కు చూసినా ఈ అంకె ఇక్కడిక్కడే ఉంటుంది. అమెరికా వాళ్లు 1982 నుంచి వాడుతున్న ఆష్‌కాష్ హెమ్‌ట్ ఉంది, ఎనిమిది చక్రాలూ ఇంజిన్‌తో తిరిగేవే, దానికి 60 శాతం. రష్యా వాళ్ల ఉరల్-4320కి 30 డిగ్రీలు అని రాస్తారు, మారిస్తే 58 శాతం. అంతెందుకు, గొలుసు చక్రాల టి-72 ట్యాంకుకీ 30 డిగ్రీలే. అందరూ కూడబలుక్కుని రాసుకున్నట్టు ఉంటుంది కానీ అసలు సంగతి ఇంజిన్‌లో లేదు, నేలకీ టైరుకీ మధ్య పట్టులో ఉంది. టైరు మీద పడే బరువులో ఎన్నో వంతు తోపుని జారకుండా నేల తట్టుకోగలదో ఆ అంకెని పట్టు గుణకం అంటారు. అన్ని చక్రాలూ తిరిగే బండి ఎక్కగలిగే వాలు, ఆ పట్టు గుణకానికి మించదు. పట్టు 0.6 అయితే 60 శాతం దగ్గర గీత పడిపోతుంది, వెయ్యి గుర్రాల ఇంజిన్ పెట్టినా చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి తప్ప బండి కదలదు.

పొడి కాంక్రీటు మీద ఆ పట్టు 0.7, 0.8 దాకా ఉంటుంది. గట్టి కంకర మట్టి అయితే 0.5, 0.6. తడిసిన బంకమట్టి 0.3, చాలాసార్లు అదీ ఉండదు. తొక్కుడు పడి గట్టిపడిన మంచు 0.2 అనుకోండి, నున్నగా గడ్డకట్టిన ఐసు 0.1. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మీ రెండో ప్రశ్నకి జవాబు వీటిలోనే ఉంది, సాయంత్రం రాస్తాను.

ఈ 60 శాతాన్ని పరీక్షించేది కూడా కొండ మీద కాదు, కట్టిన కాంక్రీటు వాలు మీద. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం ఎబర్డీన్‌లో 5 శాతం నుంచి 60 దాకా వరసగా కట్టి పెట్టుకున్నారు. మనకి మిలటరీ బండ్లు పరీక్షించేది మహారాష్ట్ర అహిల్యానగర్‌లోని (పాత పేరు అహ్మద్‌నగర్) వీఆర్‌డీఈ, డీఆర్‌డీఓ వాళ్ల వాహన పరిశోధన సంస్థ. మామూలుగా ఎక్కితే సరిపోదు, వాలు మధ్యలో ఆపాలి, హ్యాండ్ బ్రేకు మీద కదలకుండా నిలబడాలి, అక్కడి నుంచి మళ్లీ కదిలి పైకి పోవాలి. ఎక్కడం కన్నా ఆ నిలబడడమే కష్టం.

క్వారీ_కుర్రోడు:

ఇంట్లో మెట్లు 60 శాతమా?! కొలిచి వచ్చా. మావి 7 అంగుళాల ఎత్తు, 10 వెడల్పు, అంటే 70 శాతం. మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులకి కారణం ఇన్నాళ్లకి దొరికింది.

మాజీ_ఎంటీ_డ్రైవర్:

బాబు గారు లెక్క బాగా చెప్పారు. నేను 1988లో చేరాను, 22 ఏళ్లు స్టీరింగు పట్టుకున్నాను, మొదట శక్తిమాన్, తర్వాత స్టాలియన్, చివర్లో కొన్నాళ్లు టాట్రా. మేం ఎన్నడూ డిగ్రీలు కొలవలేదు. మా కొలత వేరు. శక్తిమాన్‌కి ముందు పెద్ద ముక్కు ఉండేది, వాలు మొదలయ్యాక ఆ బానెట్టూ ఆకాశమూ తప్ప ఇంకేం కనపడేది కాదు, దారి ఎటుందో కింద నడిచే కో-డ్రైవర్ చేతి సైగలే చెప్పాలి. స్టాలియన్‌కి ముక్కు లేదు, ఆ బాధ కొంచెం తగ్గింది. ముందు అద్దంలో నేల పూర్తిగా మాయమైందంటే "ఇది చూసుకుని ఎక్కాల్సిన వాలు" అని అర్థం.

పద్ధతి మాత్రం మారలేదు. అన్నీ కిందే తేల్చుకోవాలి. ఫ్రంట్ ఆక్సిల్ (ముందు ఇరుసు) కలపాలి, ముందు వెనక ఇరుసులకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుని 'లో' రేంజ్‌లో, అంటే వేగం తగ్గి బలం పెరిగేలా వేయాలి, ఏ గేర్‌లో పైదాకా పోగలమో అక్కడే నిర్ణయించుకుని ఆ గేర్‌లోనే పోవాలి. నడుమ క్లచ్ తొక్కి గేర్ మార్చబోయావా, ఆ అర క్షణంలో బండి ఆగిపోతుంది, తర్వాత వెనక్కి జారడం మొదలెడుతుంది. కొత్త కుర్రాళ్లందరూ చేసే తప్పు ఇదే. ఇంకోటి, స్పీడు మీద ఎక్కేద్దామనుకోవడం. స్పీడు మీద పోతే గుంటల్లో చక్రం ఎగిరి పట్టు పోతుంది. మెల్లగా, ఒకే రకంగా, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా.

సగంలో ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. కంగారు పడి క్లచ్ తొక్కకూడదు. ముందు బ్రేకు, తర్వాత రివర్స్ గేర్, అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంజిన్ పట్టు మీదే తిన్నగా, వచ్చిన దారినే వెనక్కి దిగాలి. తిప్పుకుందాం అని చూస్తే బండి అడ్డం తిరిగి పల్టీ కొడుతుంది. అందుకే కో-డ్రైవర్ ఎప్పుడూ చెక్క దిమ్మె చేతిలో పట్టుకుని పక్కన నడుస్తాడు, బండి వెనక మాత్రం నడవడు.

అడ్డం మాట వచ్చింది కాబట్టి నా సొంత గొడవ ఒకటి. పేర్లు వద్దు. ఒకచోట కిరసనాయిల్ పీపాలు వేసుకుని ఒక దిబ్బ ఎక్కాలి. తిన్నగా వెళ్తే బాగా నిటారుగా ఉంది. కొత్తగా వచ్చిన ఒక సాబ్, "ఏటవాలుగా కోసుకుంటూ పో, వాలు తగ్గుతుంది కదా" అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే, ఎక్కే వాలు తగ్గుతుంది. కానీ బండి పక్కకి ఒరుగుతుంది కదా! పది గజాలు పోయేసరికి పై వైపు చక్రాలు తేలిక కావడం నాకు సీట్లోనే తెలిసిపోయింది, పీపాలు ఒక్కసారిగా కింది వైపుకి జరిగాయి, తాళ్లు కిర్రుమన్నాయి. బండి పడలేదు, కానీ ఆ రోజు నేను తలుపు తెరిచి దూకడానికి సగం బయటికి వచ్చేశాను. ఎదురుగా 60 శాతం ఎక్కే బండికి పక్క వాలు సగమే, 30 శాతం దాటకూడదు అని తర్వాత ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ చెప్పాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

క్వారీ_కుర్రోడు:

అన్నా, దండం మీకు. మాది చీమకుర్తి, గ్రానైట్ క్వారీలో టిప్పర్ల పని చూసుకుంటాను. మా దగ్గర లారీలు తిరిగే దారి 16కి 1 కన్నా నిటారుగా ఉండకూడదని గనుల నిబంధన, అంటే 6 శాతం చిల్లర. చిన్న ర్యాంపులైతే 10కి 1 దాకా ఒప్పుకుంటారు. ఆ 10 శాతం ర్యాంపు మీదే వానపడ్డ రోజు టిప్పరు పాము మెలికలు తిరిగినట్టు వస్తుంది. మీరేమో 60 అంటున్నారు.

నాకొక అనుమానం. ఒకసారి మా డ్రైవరు రాయి వెనక్కి పడేలా లోడ్ చేయించుకుని ర్యాంపు ఎక్కబోతే ముందు టైర్లు గాల్లోకి లేచాయి. జానెడు లేచి మళ్లీ దిగాయి అనుకోండి, కానీ చూసినవాళ్లందరికీ గుండె ఆగినంత పనైంది. 10 శాతానికే అలా అయితే 60 మీద బండి వెనక్కి తిరగబడదా?

బేరింగ్_బాబు:

మంచి ప్రశ్న వేశావు కుర్రోడా. తిరగబడే వాలు వేరే ఉంటుంది, అది బండి బరువు ఎక్కడ కేంద్రీకరించిందన్న దాన్ని బట్టి.

ఒక ఊహ ట్రక్కు తీసుకుందాం, ఫలానా కంపెనీది అనుకోవద్దు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 4 మీటర్లు. నిండుగా ఉన్నప్పుడు సమతల నేల మీద బరువులో 30 శాతం ముందు చక్రాల మీద, 70 వెనక. బరువు కేంద్రం నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తు. అప్పుడు ఆ కేంద్రం వెనక ఇరుసుకి 1.2 మీటర్లు ముందు ఉన్నట్టు. వాలు పెరిగే కొద్దీ ఆ కేంద్రం మీంచి కిందికి వేసిన నిలువు గీత వెనక చక్రాల వైపు జరుగుతూ పోతుంది. సరిగ్గా వెనక చక్రం ఆనేచోటికి చేరిందంటే ముందు చక్రాల మీద బరువు సున్నా. 1.2ని 1.5తో భాగిస్తే 0.8, అంటే 80 శాతం, 39 డిగ్రీలకి కాస్త తక్కువ. అక్కడ తిరగబడుతుంది. 60 మీద తిరగబడదు, కానీ 31 డిగ్రీల దగ్గర ముందు చక్రాల మీద మిగిలేది మొత్తం బరువులో 6 శాతం చిల్లర మాత్రమే. 12 టన్నుల బండి అయితే ముందు రెండు టైర్ల మీదా కలిపి ముప్పావు టన్ను. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి మాట వినదు. డ్రైవర్ గారు "తిన్నగా" అని అన్నిసార్లు ఎందుకన్నారో ఇప్పుడు తెలిసిందా?

మీ రాయి సంగతి కూడా ఇదే. వెనక ఇరుసు దాటి బరువు పడితే సమతల నేల మీదే ముందు లేస్తుంది, ర్యాంపు దాన్ని ఇంకాస్త తోసిందంతే.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. బరువంతా వెనక్కి పోతుంది కాబట్టి, పొడి నేల మీద నిండు బండికి వెనక చక్రాలు మాత్రమే తిరిగినా పెద్ద నష్టం ఉండదు. నాలుగు చక్రాలూ తిరిగితే 0.6 పట్టు కావాలి, వెనకవి మాత్రమే అయితే 0.65. తేడా ఇంతే! మరి నాలుగు చక్రాలూ తిరిగే బండి ఎందుకు అంటే, ఖాళీగా ఉన్నప్పటికి, బురదకి, మంచుకి, ఒక చక్రం గుంటలో పడ్డప్పటికి.

ఇక గిరి గారి రెండో ప్రశ్న. అంత ఎక్కే బండి లద్దాఖ్‌లో ఎందుకు ఈడ్చుకుంటూ పోతుంది. రెండూ వేరు వేరు విషయాలు. నిటారు వాలు ఎక్కాలంటే చక్రం దగ్గర బలం కావాలి, ఆ బలాన్ని గేర్లు పెంచి ఇస్తాయి. వేగంగా ఎక్కాలంటే ఇంజిన్ పవర్ కావాలి, దాన్ని ఏ గేరూ పెంచలేదు.

12 టన్నుల ఆ ఊహ ట్రక్కుకే 160 హార్స్‌పవర్ ఇంజిన్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇద్దాం. ఫస్ట్ గేర్ 7 రెట్లు, లో రేంజ్ 2 రెట్లు, ఆక్సిల్ 6.5 రెట్లు, మొత్తం 91 రెట్లు. రాపిడికి ఐదో వంతు పోయినా చక్రం దగ్గర దాదాపు 66 కిలోన్యూటన్ల తోపు వస్తుంది. 60 శాతం ఎక్కడానికి కావలసింది 64. బొటాబొటీగా ఎక్కేసింది. లో రేంజ్ వేయడం మరిచిపోతే తోపు సగమైపోతుంది, అప్పుడు 26 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఎక్కేటప్పుడు వేగం ఎంతో తెలుసా, గంటకి 5 కిలోమీటర్లు. పక్కన నడిచే కో-డ్రైవర్ బండి కన్నా ముందుంటాడు.

లద్దాఖ్ రోడ్డు సంగతి. కొండ రోడ్లకి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం, 3,000 మీటర్లు దాటిన చోట మామూలుగా 5 శాతం, హద్దు 6, తప్పనిసరై కొద్ది దూరం 7. ఆ ఎత్తులో ఇంజిన్‌కి ఊపిరి ఆడదని తెలిసే రోడ్డు వేసేవాళ్లు వాలు తగ్గించారు. మీరు దాటిన తంగ్లాంగ్ లా కనుమ 5,328 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) లేని ఇంజిన్ పవర్ కూడా దాదాపు సగానికి పడిపోతుంది, టర్బో ఉంటే నష్టం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 7 శాతం వాలుని గంటకి 34 కిలోమీటర్ల వేగంతో ఎక్కే ఆ బండే అక్కడ 17తో ఎక్కుతుంది. మీరు 21 మలుపులూ వెనక తలుపు చూస్తూ ఎక్కింది అందుకే. పైగా కాన్వాయ్‌లో అన్నిటికన్నా నీరసంగా ఉన్న బండి వేగమే అందరి వేగం.

పాత_ఇనుము:

పక్కకి వెళ్తున్నా ఏమనుకోకండి. నేను పాత బండ్ల పిచ్చివాణ్ణి. ఫోర్డ్ మోడల్ టి అని 1908లో వచ్చింది కదా, దాన్ని బాగా నిటారు గుట్ట మీద వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్లు. దాంట్లో పెట్రోలు పంపు లేదు, సీటు కింద ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే ఇంజిన్‌కి జారాలి. ముందుకి ఎక్కితే ఇంజిన్ ట్యాంకు కన్నా పైకి పోయి పెట్రోలు అందేది కాదు. వెనక్కి ఎక్కితే అందుతుంది, పైగా రివర్స్ గేర్‌లో బలం కూడా ఎక్కువ.

ఇది చెప్పడం ఎందుకంటే, పట్టు ఉండి, బలం ఉండి, తిరగబడకుండా ఉన్నా బండి ఆగిపోవచ్చు. ఇంజిన్ 31 డిగ్రీలు వంగితే కింద ఆయిల్ అంతా వెనక్కి పోతుంది, ఆయిల్ పీల్చే గొట్టం గాలి పీలుస్తుంది, బేరింగులు మాడిపోతాయి. మిలటరీ ఇంజిన్లకి ఆయిల్ తొట్టిని అలా వంగినా అందేట్టు చేస్తారు. మామూలు లారీకి ఆ అవసరం లేదు, ఎందుకంటే దాన్ని అలాంటి చోటికి తీసుకుపోయే పిచ్చివాడు ఉండడని వాళ్ల నమ్మకం.

వరంగల్_వంశీ:

అందరూ 60 శాతం మీద ఉన్నారు కానీ జర్మనీ వాళ్ల యూనిమాగ్ 45 డిగ్రీలు ఎక్కుతుందని కంపెనీయే రాసుకుంది, అంటే 100 శాతం. బాబు గారి సూత్రం ప్రకారం పట్టు గుణకం 1 కావాలి కదా, అదెలా? ఇంకోటి, పినాకా, బ్రహ్మోస్ మోసే ఆ టాట్రాలు ఎంత ఎక్కుతాయి? హైదరాబాద్‌లో ఒకసారి రోడ్డు మీద పోతుంటే చూశా, పన్నెండడుగుల ఎత్తున కదిలే ఇల్లులా ఉంది.

బేరింగ్_బాబు:

సూత్రం టైరు నున్నటి నేల మీద ఆనుకుని ఉన్నప్పటిది. లోతు గాట్లున్న టైరు గట్టి మట్టిలోకి, రాతి అంచుల్లోకి దిగి పట్టుకుంటే అది పళ్ల చక్రం పని చేసినట్టే, అప్పుడు గుణకం 1 దాకా పోవచ్చు. యూనిమాగ్ పొట్టిది, తేలికది, గేర్లు బలాన్ని బాగా పెంచేవి. ఆ 45ని అన్ని చోట్లా ఆశించకండి. టాట్రా గురించి డ్రైవర్ గారే చెప్పాలి.

మాజీ_ఎంటీ_డ్రైవర్:

టాట్రా నడపడమంటే వేరే లోకం. మామూలు లారీకి నిచ్చెనలా చట్రం, కింద అడ్డంగా ఇరుసు. టాట్రాకి మధ్యలో ఒక లావుపాటి గొట్టం వెన్నెముకలా ఉంటుంది, దానికి రెండు వైపులా ఒక్కో చక్రం ఒక్కో సగం ఇరుసు మీద విడివిడిగా పైకి కిందకి ఊగుతుంది. ఒక చక్రం గుంటలోకి దిగితే పక్క చక్రానికి సంబంధం లేదు. ఎగుడుదిగుడు వాలు మీద నాలుగు చక్రాల బండికి ఒక చక్రం గాల్లోకి లేస్తే దాని పట్టు పోయినట్టే, టాట్రాకి ఎనిమిదీ నేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. బెమ్ల్ (బెంగళూరు ప్రభుత్వ కంపెనీ) వాళ్లు 1986 నుంచి ఇక్కడే చేస్తున్నారు. కానీ పైన లాంచరు వేసుకున్న బండిని 60 శాతం ఎక్కించిన మొనగాణ్ణి నేను చూడలేదు. బరువు కేంద్రం బాగా పైకి పోతుంది కదా, బాబు గారి 1.5 మీటర్లు దానికి సరిపోవు.

కాగితం మీద అంకె మోసం చేసేది ఇంకోచోట ఉంది, వెనక ఏదైనా కట్టినప్పుడు. బోఫోర్స్ ఫిరంగి సుమారు 12 టన్నులు. దానికి సొంతంగా చిన్న ఇంజిన్ ఉంది, కొద్ది దూరం తనే కదులుతుంది, కానీ కొండ ఎక్కేటప్పుడు లాగాల్సింది ట్రక్కే. బాబు గారూ, 20 టన్నుల ట్రక్కు వెనక ఆ 12 టన్నులు కడితే ఎంత తగ్గుతుందో మీరే వేయండి.

బేరింగ్_బాబు:

పట్టు ఇచ్చేది 20 టన్నులే, ఎక్కాల్సింది 32. కాబట్టి 60ని 20/32తో హెచ్చిస్తే 37.5 శాతం, 20 డిగ్రీల పైచిలుకు. ఇది పొడి నేల మీద. తడి మట్టి, 0.3 పట్టు అయితే 19 శాతం కూడా రాదు.

మాజీ_ఎంటీ_డ్రైవర్:

అదీ సంగతి. మంచు గురించి చెప్పి ఆపుతాను. శ్రీనగర్ వైపు నుంచి లద్దాఖ్‌కి వెళ్లే దారిలో జోజి లా కనుమ 3,500 మీటర్ల పైన ఉంటుంది, తంగ్లాంగ్ లాతో పోలిస్తే పొట్టిదే, కానీ నన్ను ఏడిపించింది అదే. వసంతంలో దారి తెరిచాక పగలు మంచు కరిగి రోడ్డు మీద పారుతుంది, రాత్రికి అదే అద్దంలా గడ్డకడుతుంది. తెల్లవారుజామున ఎక్కితే వాలు ఐదారు శాతమే, నా బండి నేరుగా 60 ఎక్కగలిగిందే, అయినా చక్రం నిలబడ్డచోటే తిరుగుతుంది. ఒకసారి ముందు బండి ఆగింది, నేనూ ఆపాను, హ్యాండ్ బ్రేకు వేశాను, చక్రాలు కదల్లేదు, బండి మాత్రం మెల్లగా వెనక్కి జారుతోంది! చక్రం తిరగకుండా బండి జారడం చూస్తే కాళ్లలో సత్తువ పోతుంది. కొండ వైపు మట్టి కట్ట మీదికి వెనక చక్రం ఆనించి ఆపాను. అక్కడి నుంచి చెయిన్లు కట్టాకే కదిలాం. వేళ్లు కొయ్యబారిన చేతులతో చెయిన్ కట్టడం ఎలా ఉంటుందో చేసినవాడికే తెలుస్తుంది.

బేరింగ్_బాబు:

ఐసు మీద పట్టు 0.1 అన్నాను కదా. నాలుగు చక్రాలూ తిరిగే బండి మహా అయితే 10 శాతం ఎక్కుతుంది, బరువులో 70 శాతం మోసే వెనక చక్రాలు మాత్రమే తిరిగితే 7. రోడ్డుకి తప్పనిసరైతే ఒప్పుకునే వాలు కూడా 7. డ్రైవర్ గారు నిలబడ్డది ఆ అంచు దగ్గరే.

గాటాలూప్స్_గిరి:

ఆదివారం అయిపోయింది. మామయ్యని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి టేపు పెట్టి కొలిపించా. మావి 6.5, 10. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను శాతమే అన్నాను, నువ్వే డిగ్రీలు అని విన్నావు" అన్నాడు. అత్తయ్య సాక్ష్యం చెప్పింది కాబట్టి బతికిపోయా.

అన్నం తింటూ మళ్లీ ఒక ప్రశ్న వేశాడు, దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు: ఎక్కడం సరే, అంత బరువుతో దిగేటప్పుడు ఏం చేస్తారు అని.

మాజీ_ఎంటీ_డ్రైవర్:

మామయ్య గారు ఈసారి అసలైనది అడిగారు. ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలి, ఇది మాకు మొదటి రోజు నేర్పేది. న్యూట్రల్‌లో వేసి డీజిల్ మిగిల్చుకుందాం అనుకున్నవాళ్ల బండ్లు లోయల్లో ఇప్పటికీ కనిపిస్తాయి, గిరి గారు చూసే ఉంటారు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే పది నిమిషాల్లో డ్రమ్ము వాసన వస్తుంది, ఆ తర్వాత తొక్కినా పట్టదు. చిన్న గేర్, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టం మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది), మధ్యమధ్యలో గట్టిగా తొక్కి వదిలేయడం.

ఐసు మీద దిగడం మళ్లీ వేరు. బాబు గారూ, ఆ లెక్క కూడా వేసి పెట్టండి, మామయ్య గారికి పనికొస్తుంది.

బేరింగ్_బాబు:

7 శాతం దిగుడు, పట్టు 0.1. బ్రేకుకి మిగిలేది 0.03 మాత్రమే. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే ఆగడానికి 50 మీటర్ల పైన పడుతుంది. అదే వేగంలో పొడి సమతల రోడ్డు మీద రెండు మీటర్ల చిల్లర. కాన్వాయ్‌లో బండికీ బండికీ మధ్య ఎంత ఖాళీ వదులుతారో డ్రైవర్ గారు చెప్పాలి.

మాజీ_ఎంటీ_డ్రైవర్:

మంచు మీద ముందు బండి మలుపు దాటి కనపడకుండా పోయేదాకా మేం కదలం.